మామ నొక్కనివ్వని బటను

మామ పోయారన్న కబురు నాకు బెంగళూరు ఆఫీసులో, మీటింగు మధ్యలో అందింది. నెలంతా హిందూపురంలో ఇంటి నుంచే పని చేసుకునే నన్ను నెలకోసారి తప్పకుండా రమ్మంటారు ఆఫీసువాళ్లు. సరిగ్గా ఆ రోజే ఆయన పోయారు. ఫోన్లో అత్త గొంతులో ఏడుపు ఇంకా మొదలుకాలేదు. ముందు ఆశ్చర్యమే ఉంది.

"కాఫీ అడిగినాడమ్మా మీ మామ. చక్కెర తక్కువెయ్యి అని కూడా చెప్పినాడు. గ్లాసు పట్టుకోని వచ్చేలోపల తల వాల్చేసినాడు."

బెంగళూరు ఊరు దాటడానికే బస్సు మధ్యాహ్నమంతా తినేసింది. ఆ సీట్లో కూర్చున్నంతసేపూ నాకు కన్నీళ్లు రాలేదు. చిరాకు వచ్చింది. ముందున్న లారీ మీద, డ్రైవరు మీద, నిజం చెప్పాలంటే మామ మీద కూడా. ఆయనతో నా సంబంధం మొదటినుంచీ అలాగే నడిచింది. మేమిద్దరం ప్రేమగా మాట్లాడుకున్న మాటల కంటే విసుక్కున్న మాటలే ఎక్కువ. ఇప్పుడు తల్చుకుంటే ఆ విసుగులే నా దగ్గర మిగిలిన ఆస్తి.

మామ వకీలు. తాడిమర్రి వైపు వేరుశనగ పండించుకునే ఇంట్లో పుట్టి, లా చదివి, హిందూపురంలో ఇల్లు కట్టుకుని, నల్లకోటు చేతిమీద వేసుకుని రైల్లో పెనుకొండకూ ధర్మవరానికీ తిరిగిన మనిషి. నేను కోడలిగా వచ్చేనాటికి చక్కెరజబ్బు ఆయన చూపును సగం తినేసింది. కోర్టుకు పోవడం మానేశారు. పొద్దున అత్త పేపరు చదివి వినిపిస్తే, ఆ పేపరుతో తగవు పెట్టుకునేవారు. "ఎవరు చెప్పినారంట? చూసినోడు చెప్పినాడా, విన్నోడు చెప్పినాడా?" అని. అత్త పేపరు మడిచి వంటింట్లోకి పోయేది.

నా భర్త ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. షిఫ్టులు. అందువల్ల చాలా ఆదివారాలు ఇంట్లో నేనూ, అత్తామామలే ఉండేవాళ్లం. నాకు కాలేజీ రోజుల నుంచీ వీడియో గేములు ఆడే అలవాటు. అలాంటి ఒక ఆదివారం హాల్లో టీవీకి తగిలించుకుని ఒక కొత్త ఆట మొదలుపెట్టాను. అందులో మనం ముద్దాయి తరఫు వకీలు. హత్య జరుగుతుంది, ఎవరో అమాయకుడు దొరికిపోతాడు, మనం అతణ్ని కోర్టులో విడిపించాలి.

వాకిట్లో పడకకుర్చీలో ఉన్న మామ ఆ చప్పుళ్లు విన్నారు.

"ఏమ్మా, ఆ టకటక ఏంది? సుత్తి మాదిరి ఉండాదే."

"జడ్జి సుత్తి కొడతాండాడు మామా."

"మన జడ్జీలు యాడ కొడతారు సుత్తి? ఒట్టి దొంగ కోర్టు." ఒక నిమిషం ఆగి, "ఏం కేసు?" అన్నారు.

అంతే. కుర్చీ హాల్లోకి వచ్చింది.

ఆ ఆట గురించి తెలియనివాళ్లకు కాస్త చెప్పాలి. సాక్షి బోనెక్కి ఒక్కో వాక్యమే చెబుతాడు. ప్రతి వాక్యం దగ్గరా మనకు రెండు బటన్లుంటాయి. ఒకటి నొక్కితే మన వకీలు సాక్షిని నిలదీస్తాడు, ఆ మాట మీద నొక్కి అడుగుతాడు. రెండోది నొక్కితే మన దగ్గరున్న ఆధారం చూపించి "ఇది అబద్ధం" అంటాడు. ఆధారం తప్పు చోట చూపిస్తే జడ్జి గద్దిస్తాడు, పైన వెలుగుతున్న ఐదు దీపాల్లో ఒకటి ఆరిపోతుంది. అన్నీ ఆరిపోతే మన మనిషికి శిక్ష పడుతుంది.

తెరమీది అక్షరాలు మామకు ఆనవు. ఇంగ్లీషులో వచ్చే సాక్ష్యాన్ని నేను మన మాటల్లోకి మార్చి చదివేదాన్ని. ఆయన కళ్లు మూసుకుని, బొటనవేలితో కుర్చీ చేతిని గీకుతూ వినేవారు. మొదటి రెండు కేసులూ ఆయన అలవోకగా గెలిచారు. నేను వాక్యం పూర్తి చేయకముందే "ఆడ ఆపు, అబద్ధం ఆడుండాది, చూపించు" అనేవారు. చూపిస్తే సాక్షి తెల్లబోయేవాడు. మామ మొహంలో నేను అంతకుముందు చూడని కాంతి. అత్త వంటింటి గడపలో గరిటెతో నిలబడి, "ఫీజు రాని కేసులు బాగ గెలుస్తాండాడు" అనేది.

మూడో కేసు దగ్గర మా పొత్తు చెడింది.

ఒక రేవు ఊరు. పడవలకు టిక్కెట్లమ్మే అమ్మాయి తన యజమానిని చంపిందని నేరం మోపారు. ఒక ఫోటోగ్రాఫరు సాక్షి. వానలో ఆ అమ్మాయి ఎర్ర గొడుగుతో రేవు వైపు వెళ్తుంటే మేడమీది కిటికీ నుంచి చూశానని చెబుతాడు. మా దగ్గర ఆ గొడుగు ఉంది. ఊచలు తుప్పుపట్టి అసలు తెరుచుకోదు.

మామ చప్పట్లు కొట్టినంత పని చేశారు. "తెరుచుకోని గొడుగు ఎట్లా వేసుకోని పోతాదిరా! చూపించమ్మా."

చూపించాను. జడ్జి గద్దించాడు. దీపం ఆరింది. ఆ అమ్మాయి గొడుగు చేత్తో పట్టుకుని వెళ్లిందేమో, సాక్షి చెప్పింది అంతే కదా అన్నాడు ఎదుటి వకీలు.

"వానలో గొడుగు ముడుచుకోని ఎవరన్నా పోతారా? వీనికి బుద్ధుండాదా?"

"మామా, తెరిచిందని వాడు చెప్పలేదు. నొక్కి అడిగితే చెప్తాడు. అప్పుడు గొడుగు చూపిద్దాం."

"వద్దు."

"ఒక్కసారి అడుగుదాం."

"వద్దమ్మా! అడిగితే దిద్దుకుంటాడు. సాక్షి అబద్ధం చెప్పినాక నోరు మూసుకోవల్ల. ఇంకొక్క ప్రశ్న అడిగినావా, నీ చేత్తో నువ్వే వానికి తలుపు తీసినట్ల."

ఆయన మాట కోర్టులో సరైనదే కావచ్చు. కానీ ఆ ఆట అలా తయారుచేయలేదు. నొక్కి అడగకపోతే కథ కదలదు. నేను చెప్పాను. వినలేదు. గొడుగు ఇంకో వాక్యం దగ్గర చూపించమన్నారు, దీపం ఆరింది. ఆధారాల్లో ఉన్న చెప్పుల జోడు చూపించమన్నారు, దీపం ఆరింది. చివరికి ఐదూ ఆరిపోయి అమ్మాయికి శిక్ష పడింది. మళ్లీ మొదటినుంచి. మళ్లీ శిక్ష. ఆ ఫోటోగ్రాఫరు చెప్పే నాలుగు ముక్కలూ నాకు కంఠతా వచ్చేశాయి, వంట చేస్తున్నప్పుడు కూడా నోట్లో ఆడేవి. వారాలు గడిచాయి. నేను ఆఫీసు పనితో తల వాచిపోయి, కాసేపు సుఖంగా ఆడుకుందామని కూర్చునే ఆట అది. అదీ ఒక శిక్షయింది.

మా ఆయన షిఫ్టు నుంచి వచ్చి టిఫిను తింటూ, "నాయనా, నెట్లో చూస్తే ఐపోతాది. అన్నీ రాసిపెట్టింటారు" అన్నాడు.

"నెట్లో చూసి వాదించేటోడు వకీలారా?"

"వాదించేది మీరు కాదు, ఆ బొమ్మ."

మామ తన టిఫిను ప్లేటు పక్కకు నెట్టేశారు.

ఒక మధ్యాహ్నం మామ కునుకు తీస్తున్నారు. నేను చప్పుడు తగ్గించి, నొక్కి అడిగే బటను నొక్కాను. ఒక్కసారే. అది నొక్కగానే మన వకీలు "ఆగండి!" అని అరుస్తాడు. ఆ అరుపుకు మామ లేచారు.

"నొక్కినావా?"

"నొక్కినా మామా. వేరే దారి లేదు. ఇది ఆట. నిజం కోర్టు కాదు."

ఆయన గోడ పట్టుకుని లేచి వాకిట్లోకి పోయారు. కుర్చీ మాత్రం హాల్లోనే ఉండిపోయింది. నాకు ఒళ్లు మండింది. టీవీ ఆపేసి, వెనకాలే పోయి అడిగాను: "మామా, ఒక బటనుకు ఇంత కోపమా? ఏమైందో చెప్పండి, లేకుంటే ఇంక నేను ఆడను."

మెట్టుమీద కూర్చుని, వీధి వైపు మొహం పెట్టి చెప్పారాయన. అంతవరకూ ఆ సంగతి ఎవరి నోటా నేను వినలేదు.

ఆయన నడివయసులో ఉండగా ధర్మవరంలో ఒక మగ్గాల షెడ్డు తగలబడింది. అందులో పనిచేసే నేతగాడి మీద కేసు. యజమానితో అంతకుముందు గొడవపడ్డాడు, అందుకే తగలబెట్టాడని. ఆ నేతగాడి తరఫున మామ. చూసిన సాక్షి ఒక్కడే. తెల్లవారకముందు, వీధి దీపం వెలుతురులో ఇతణ్ని షెడ్డు దగ్గర చూశానన్నాడు. ఆ వారమంతా ఆ వీధిలో దీపం వెలగలేదని మామ అప్పటికే వేరే సాక్షులతో చెప్పించి ఉన్నారు. అక్కడ కూర్చుంటే సరిపోయేది. కూర్చోలేదు. గెలిచిన ఉత్సాహంలో ఇంకొక్కటి అడిగారు: "దీపమే లేదు కదప్పా, మరి ఎట్లా చూసినావు?"

"మంట వెలుతురులో చూసినా సార్" అన్నాడు సాక్షి.

నేతగాడికి శిక్ష పడింది. అతను జైలుకు పోయాడు. మామ ఆ తరువాత ఆస్తి పంపకాల దస్తావేజులూ, బెయిలు దరఖాస్తులూ తప్ప ఇంకేవీ ముట్టుకోలేదు. మళ్లీ ఎన్నడూ ఏ సాక్షినీ ప్రశ్న అడగలేదు.

"ఒక్క ప్రశ్న తల్లీ," అన్నారు. "ఒక్క ప్రశ్న ఎక్కువైంది."

నేను హాల్లోకి పోయాను. ఆ ఆట డబ్బాలో పెట్టేశాను.

కొన్నాళ్లకు మా ఆడబిడ్డ కూతురి పెళ్లి కుదిరింది. పట్టుచీరల కోసం నేనూ అత్తా ధర్మవరం పోతుంటే, "నేనూ వస్తా" అన్నారు మామ. చీరలంటే ఆయనకు చిరాకు. అత్త అనుమానంగా చూసింది. అంగడిలో అత్త చీరలు పరిపించుకుని కూర్చున్నాక, మామ నా భుజం తట్టి, "పా, ఒక మనిషిని చూసొద్దాం" అన్నారు.

నేతగాళ్ల వీధుల్లో మగ్గాల చప్పుడు గోడల్లోంచి వస్తుంటుంది. నలుగురిని అడిగి ఒక ఇల్లు పట్టుకున్నాం. ముందు గదిలో ఒక ముసలాయన కింద కూర్చుని, చిన్న చక్రం తిప్పుతూ కండెలకు దారం చుడుతున్నాడు. మమ్మల్ని చూసి ముందు పోల్చుకోలేదు. తరువాత గబగబా లేచాడు.

"లాయరు సారు! మీరేంది సార్ ఈడికి? కూచోండి సార్. ఏమేయ్, టీ పెట్టు."

మామ కూర్చోలేదు. నల్లకోటు వేసుకున్న మనిషిలా నిటారుగా నిలబడి, ఎన్నో ఏళ్లుగా మనసులో తిప్పుకున్న మాట చెప్పేశారు. "నాదే తప్పప్పా. ఆ పొద్దు ఆ ప్రశ్న అడక్కపోయింటే నువ్వు జైలుకు పోయేవాడివి కాదు."

ముసలాయన చక్రం వైపు చూశాడు. భార్య వంటింట్లో ఉందా అని చూసుకున్నాడు. నెమ్మదిగా అన్నాడు.

"మీరు అడక్కపోయినా అంతే సార్. సాక్షి చెప్పిన ఆయప్ప మాట నిజమే. నేను ఆడ ఉన్న్యా."

మామ చేయి నా భుజంమీద బిగుసుకుంది.

"తగలబెట్టింది నేను కాదు సార్, పిల్లోల మీద ఒట్టు. పొగ చూసి ఉరికినా. నా మగ్గం మీద సగం చీర ఉండె. దాన్ని కోసుకోని వద్దామని లోపలికి పోయినా. చెయ్యి కాలింది. చూడండి." మోచేతి దగ్గర చర్మం ముడుచుకుని ఉంది. "ఆడ ఉన్న్యా అంటే నేనే పెట్టినా అంటారని భయపడితి."

"నాతో చెప్పేదానికేమిరా?" మామ గొంతు వీధిలోకి వినిపించింది. "నేను నీ వకీలును కదరా! చెయ్యి కాలిన మనిషిని చూపించి, ఆర్పేదానికి పోయినాడు అని నిలబెట్టేవాడ్ని కదా! నాతో ఏంటికి అబద్ధం చెప్పినావు?"

"మీరు అడగల్యా సార్."

"అడగలేదా?"

"నువ్వు ఆడ లేవు కదా, అన్న్యారు. అవు సార్, అన్న్యా."

టీ వచ్చింది. మామ తాగలేదు. ముసలాయనకు కోపమేమీ లేదు. ఆయన మామ మీద జాలిపడుతున్నట్టే ఉంది, అది చూస్తుంటే నాకు ఇంకా కష్టమైంది. వచ్చేటప్పుడు ఆయన వీధి చివరిదాకా మాతో నడిచి, "అది అయిపాయ సార్. మనసులో పెట్టుకోవద్దండి" అన్నాడు. జైలుకు పోయినవాడు వకీలును ఓదార్చి పంపాడు.

రైలు పెనుకొండ దాకా వచ్చింది. అత్త ఒళ్లో చీరల సంచీ పెట్టుకుని, ఏం జరిగిందని కళ్లతో నన్నడుగుతోంది. కొండమీది కోట బురుజులు కిటికీలోంచి వెనక్కి పోతుండగా మామ ఉన్నట్టుండి, ఎవరితోనో తగవాడుతున్నట్టు అన్నారు: "ఎక్కువడిగినానని ఏడుస్తా కూచుంటి. తక్కువడిగి కేసు పోగొట్టినా."

ఇంటికొచ్చి, చెప్పులు విడవకముందే, "ఆ డబ్బా తియ్యి" అన్నారు.

ఆ సాయంత్రం ప్రతి వాక్యం దగ్గరా నొక్కాం. "నొక్కమ్మా. వాన్ని నొక్కు. జడ్జిని కూడా నొక్కే బటను ఉంటే అదీ నొక్కు." ఫోటోగ్రాఫరు చివరికి, ఆ అమ్మాయి గొడుగు తెరుచుకుని వెళ్లిందనీ, అందుకే మేడమీది నుంచి మొహం కనిపించలేదనీ అన్నాడు. గొడుగు చూపించాం. వాడి కథ కూలిపోయింది. ఆ తరువాత మన కక్షిదారు, ఆ టిక్కెట్ల అమ్మాయే బోనెక్కింది. నేను ఆమెను నొక్కకుండా దాటబోతే మామ నా మణికట్టు పట్టుకున్నారు. "మన మనిషిని ముందు అడగవల్ల." అడిగాం. ఆ అమ్మాయి కూడా ఆ సమయంలో రేవులోనే ఉంది. ఎవరినో కాపాడడానికి దాచింది. దాంతో అసలు దోషి దొరికాడు.

తెరమీద రంగుకాగితాలు కురిశాయి. నిర్దోషి అని జడ్జి ప్రకటించాడు. నేను మామ వైపు తిరిగాను, నవ్వుతారేమోనని. ఆయన మొహం గంటుపెట్టుకుని ఉన్నారు.

"ఇంత సులభంగా ఉండె," అన్నారు. లేచి పోయారు.

ఆ రోజు నుంచి ఆయన అందరినీ ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. పాలు పోసే ఆమెను, మాత్రలు రాసే డాక్టరును, ఆలస్యంగా ఇంటికొచ్చిన కొడుకును. భరించలేకపోయేవాళ్లం. సలహా కోసం వచ్చే కుర్ర వకీళ్లను మాత్రం కూర్చోబెట్టి ఒకే మాట చెప్పేవారు: "నువ్వు ఆడ లేవు కదా అని ఎప్పుడూ అడగొద్దు. యాడ ఉన్న్యావు, అని అడుగు. ఊరుకో. వాడు చెప్పేదాకా ఊరుకో." నేను ఆఫీసులో నా కింద పనిచేసే పిల్లల దగ్గర ఆ పద్ధతి వాడుతున్నాను. పని పాడుచేసిందెవరని అడగను, ఏం జరిగిందని అడుగుతాను. తొందరపడకుండా ఊరుకోవడమే కష్టం.

మామ పోయేనాటికి ఆటలో చివరి కేసులో ఉన్నాం మేము. హంతకుడెవరో ఆయన పట్టేశారు. చెప్పబోతుంటే నేనే, "చెప్పొద్దు మామా, నేనే కనుక్కుంటా" అన్నాను. ఇప్పుడు ఒక్కదాన్నే దాని ముందు కూర్చుంటే, నాకు దోషి కనిపించడు. కనిపించినా నమ్మను. కాదని అడ్డం తిరిగే మనిషి లేకపోతే నేను సరిగ్గా ఆలోచించలేనని ఇప్పుడు తెలుస్తోంది. ఆట అక్కడే ఆగి ఉంది.

కర్మకాండలు అయ్యాక పెనుకొండ కోర్టులో వకీళ్లు సంతాప సభ పెడుతున్నారని, ఇంట్లోవాళ్లు ఎవరైనా రమ్మని పిలిచారు. మా ఆయనకు సెలవు దొరకలేదు. అత్త రాలేనంది. నేను పోయాను. వకీళ్లంతా నిలబడ్డారు. ఆయన గురించి మంచి మాటలు చెప్పారు. శాంతమూర్తి అన్నారొకరు. నాకు నవ్వు ఆగలేదు, కొంగు అడ్డం పెట్టుకున్నాను. మౌనం పాటించాక, గౌరవసూచకంగా ఆ రోజు కేసులన్నీ వాయిదా వేశారు.

బయటికి వస్తుంటే మెట్ల దగ్గర ఒక పడుచుమనిషి బెయిలు కేసుకోసం వచ్చి కూర్చుని ఉంది. సబ్‌జైలు నుంచి ఆమె మొగుణ్ని తీసుకొచ్చిన పోలీసులు అతణ్ని జీపెక్కించి అప్పుడే తిరిగి బయలుదేరుతున్నారు.

"ఏమాయ సార్? పిలవనే లేదే?" అని ఆమె ఒక పోలీసును అడిగింది.

"ఎవరో పెద్ద లాయరు చచ్చిపోయినాడంటమ్మా. ఈ పొద్దు కోర్టు లేదు."

ఆమె నా వైపు చూసింది. నేనెవరో ఆమెకు తెలియదు. ఆ మాట విని ఉంటే మామ మెట్లమీదే కేకలు పెట్టేవారు, నేను పోయినదానికీ వీని బెయిలుకూ ఏం సంబంధమని. ఆ ఆటలో ఆయన మెచ్చుకున్నది ఒకే ఒక్క సంగతి, ఎన్ని తిట్టుకున్నా విచారణ ఆగకుండా నడుస్తుందని. నేను నోరు తెరిచాను. ఎవరిని ఏమని అడగాలో నాకు తెలియలేదు.

జీపు కదిలింది. ఆమె కొంగు బిగించుకుని దాని వెంట కొంతదూరం పరిగెత్తి, చేతిలోని చిత్రాన్నం పొట్లాన్ని వెనక ఊచల్లోంచి లోపలికి తోయబోయింది. పొట్లం ఊచల కంటే వెడల్పుగా ఉంది. లోపలి నుంచి ఆమె మొగుడి రెండు చేతులు దాన్ని అటువైపు నుంచి లాగుతున్నాయి. జీపు ఇంకా మెల్లగానే పోతోంది, ఆమె ఇంకా వదల్లేదు.